శాంటోరినిలో కొండ అంచు హోటల్: ఐదు రాత్రులు వద్దు, రెండు చాలు

మీరు అడిగింది ఇదీ: సెప్టెంబరు మూడో వారంలో మీ పెళ్ళిరోజు. మీరిద్దరూ, ఎనిమిదేళ్ళ పాప, మీ అత్తయ్యగారు, మావయ్యగారు కలిసి హైదరాబాద్ నుంచి గ్రీస్ వెళ్దామనుకుంటున్నారు. శాంటోరిని దీవిలో కొండ అంచున, ప్రైవేట్ పూల్ ఉన్న ఒక లగ్జరీ బుటీక్ హోటల్ చూసి పెట్టుకున్నారు. గదికి రాత్రికి 70 వేలు, ఐదు రాత్రులు. అంత డబ్బు పెట్టొచ్చా, సూర్యాస్తమయం గదిలోంచే కనిపిస్తుందా అన్నారు. మీ ఆవిడకి చెప్పకుండా సర్‌ప్రైజ్ చేయాలని ఉందన్నారు.

ముందు నా మాట చెప్పేస్తాను. పెట్టొచ్చు. కానీ ఐదు రాత్రులు కాదు, రెండు. అందరికీ కాదు, మీ ఇద్దరికే. ఇంకోటి, మీరు హోటల్ని ఎంచుకున్నారు కానీ గదిని ఎంచుకోలేదు. అక్కడ డబ్బంతా గదిలోనే ఉంది.

నేను పదహారేళ్ళుగా జర్మనీలో ఉంటున్నాను. శాంటోరినికి ఐదుసార్లు వెళ్ళాను. ఒకసారి మా ఆవిడతో, ఒకసారి అమ్మానాన్నలతో, మిగతా మూడుసార్లు మన చుట్టాలకు గైడు ఉద్యోగం. మంచి గదిలోనూ ఉన్నాను, మోసపోయిన గదిలోనూ ఉన్నాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

దీవి ఆకారం అర్థమైతే సగం ప్రశ్నలు వాటంతటవే తేలిపోతాయి. సుమారు 3,600 ఏళ్ళ కిందట ఇక్కడ అగ్నిపర్వతం పేలి మధ్యభాగం కూలిపోయింది. ఆ గుంటలోకి సముద్రం వచ్చి నిండింది. మిగిలింది నెలవంక లాంటి నేల. ఆ నీళ్ళు నిండిన గుంటనే కాల్డెరా అంటారు. నెలవంక లోపలి వైపు నిట్టనిలువు కొండ, కొన్నిచోట్ల 300 మీటర్ల ఎత్తు. ఫొటోల్లో మనం చూసే తెల్ల ఇళ్ళు, నీలం గోపురాలు అన్నీ ఆ అంచునే ఉంటాయి. బయటి వైపు నేల మెల్లగా పల్లమవుతూ మామూలు బీచిల దాకా వెళ్తుంది. కమారి, పెరిస్సా ఆ వైపువి. ఇసుక, గులకరాళ్ళు నల్లగా ఉంటాయి.

ఇక పేరు. ఇంగ్లీషు అక్షరాలు చూసి అందరూ 'ఓయా' అంటారు, అక్కడివాళ్ళు పలికేది 'ఈయా'. టాక్సీ అతనితో ఓయా అన్నా అర్థం చేసుకుంటాడనుకోండి, రోజూ వినేదే కదా.

మీరు చూసిన హోటల్ ఈయాలో ఉందన్నారు. ఇక్కడే అసలు మెలిక. ఈయా నెలవంక ఉత్తరపు కొసన ఉంటుంది. అక్కడి కొండ అంచు గదులు చాలావరకు దక్షిణం వైపు, కాల్డెరా మీదికి చూస్తాయి. సూర్యుడు మీ సెప్టెంబరులో దాదాపు నేరుగా పడమట అస్తమిస్తాడు. జూన్, జులైలో ఇంకా ఉత్తరానికి జరుగుతాడు. అంటే ఈయాలో చాలా గదుల్లోంచి సూర్యుడు నీళ్ళలో మునగడం కనబడదు, ఊరి వెనక్కి వెళ్ళిపోతాడు. ఎదురుగా కొండంతా గులాబీ రంగులోకి మారడం కనబడుతుంది, అదీ అందమే. కానీ మీరు అడిగింది అది కాదు. 'ప్రపంచంలోకెల్లా గొప్ప సూర్యాస్తమయం' ఉన్న ఊళ్ళో గదికి 70 వేలు కట్టినవాళ్ళు కూడా సాయంత్రం చెప్పులేసుకుని పాత కోట దగ్గరికి వెళ్ళి, వేలమంది మధ్య మునివేళ్ళ మీద నిలబడి చూడటం నేను కళ్ళారా చూశాను. ఆ జనంలో నేనూ ఉన్నాను లెండి.

నెలవంక తూర్పు అంచున ఉన్న ఊళ్ళు ఫీరా, ఫీరోస్తెఫాని, ఇమెరోవిగ్లి. ఇవి పడమటికి చూస్తాయి. ఇమెరోవిగ్లి వాటన్నిటికంటే ఎత్తులో ఉంటుంది, ఫీరా అంత గోల ఉండదు, ఎదురుగా స్కారోస్ అనే పెద్ద బండ. మీ కోరిక గది వరండాలో కూర్చుని సూర్యుణ్ణి చూడటమే అయితే ఇమెరోవిగ్లి చూడండి. ఈయా సందులు, దుకాణాలు, ఫొటోలు ముఖ్యమైతే ఈయా. రెండూ కావాలంటే ఇమెరోవిగ్లిలో ఉండి, ఒక పొద్దున్నే ఏడింటికల్లా ఈయా వెళ్ళి రండి. ఆ వేళకి వీధులు ఖాళీగా ఉంటాయి. ఫ్లయింగ్ డ్రెస్సులు వేసుకుని ఫొటోషూట్‌కి వచ్చిన జంటలు ఓ నాలుగు తప్ప ఎవరూ ఉండరు. వాళ్ళలో తెలుగు మాట ఒక్కటైనా వినబడకపోతే నన్నడగండి.

బుకింగ్ సైట్లలో వాడే మాటలు కూడా జాగ్రత్తగా చదవాలి. 'కాల్డెరా వ్యూ' వేరు, 'సీ వ్యూ' వేరు. దీవి కదా, సముద్రం ఎటు చూసినా ఉంటుంది. 'సీ వ్యూ' అని రాస్తే చాలాసార్లు అది బయటి వైపు, అంటే ఎదురుగా పొలాలు, దూరంగా మామూలు సముద్రం. 'పార్షియల్ వ్యూ' అంటే మెడ తిప్పితే కనబడుతుందని. 'కాల్డెరా వ్యూ ఫ్రమ్ షేర్డ్ టెర్రస్' అంటే గదిలోంచి కనబడదని. 'కేవ్ స్టైల్' అంటే గుహ కాదు, గుహలాగా సిమెంటుతో వంపు తిప్పిన గది. అవన్నీ చెడ్డవని కాదు, వాటికి కాల్డెరా గది రేటు కట్టకూడదంతే.

అసలు గుహ గదుల సంగతి చెప్పాలి, ఎందుకంటే అవి తెలిస్తేనే ఆ గదిలో ఉండటం బాగుంటుంది. ఈ దీవిలో చెట్లు తక్కువ, కలప దొరకదు. కానీ అగ్నిపర్వతం పోసిన బూడిద గడ్డకట్టి, పారతో తవ్వగలిగేంత మెత్తగా, కూలిపోకుండా నిలబడేంత గట్టిగా ఉంటుంది. ఆ బూడిదని సున్నంతో కలిపితే నీళ్ళలో కూడా గట్టిపడే సిమెంటులా పనిచేస్తుంది. సూయెజ్ కాలువ కట్టడానికి ఇక్కడి నుంచే ఓడల్లో తీసుకెళ్ళారు. అందుకని పేదవాళ్ళు, ఓడల్లో పనిచేసేవాళ్ళు కొండ అంచుని తవ్వుకుని ఇళ్ళు చేసుకున్నారు. వీటిని 'ఇపోస్కఫా' అంటారు. ముందు భాగం ఇరుకు, లోపలికి పొడుగు, పైకప్పు గుండ్రంగా. తలుపు, దాని పక్కన రెండు కిటికీలు, పైన ఒకటి. గాలీ వెలుతురూ అంతా అక్కడి నుంచే. ఓడల కెప్టెన్లు, డబ్బున్నవాళ్ళు మాత్రం పైన చదును నేల మీద మేడలు కట్టుకున్నారు.

1956 జులై 9న పెద్ద భూకంపం వచ్చింది. దీవి మీద 53 మంది పోయారు, ఊళ్ళకు ఊళ్ళు కూలాయి, చాలామంది ఏథెన్స్ వలస పోయారు. ఈయాలో ఇళ్ళు పాడుబడి ఏళ్ళ తరబడి అలాగే ఉన్నాయి. 1970లలో గ్రీస్ ప్రభుత్వ పర్యాటక సంస్థ పాత ఊళ్ళను కాపాడే పథకం కింద ఈయాలో కొన్ని గుహ ఇళ్ళు బాగుచేసి అతిథి గృహాలుగా మార్చింది. తర్వాత ప్రైవేటువాళ్ళు అందుకున్నారు. ఇవాళ రాత్రికి లక్ష అడిగే గదుల్లో కొన్ని ఒకప్పుడు గాడిదను కట్టేసిన కొట్టాలు, ద్రాక్షసారా పీపాలు పెట్టుకున్న గదులు. హోటల్‌వాళ్ళని అడిగితే మీ గది ముందు ఏమిటో చెప్తారు. నాకు ఒకసారి పీపాల గది పడింది. మూల గోడలో ద్రాక్ష తొక్కే తొట్టి అలాగే ఉంచి దాన్ని స్నానాల తొట్టిగా మార్చారు. మా ఆవిడకి అది ఎంత నచ్చిందంటే బయటికి రానంది.

మోసపోయిన గది సంగతి కూడా చెప్తాను. హోటల్ పేరు వద్దు. ఫొటోలో తెల్లటి వరండా, చిన్న పూల్, ఎదురుగా కాల్డెరా, అందులో ఒక్కత్తే అమ్మాయి చేతిలో గ్లాసుతో. మేం వెళ్ళాం, సామాను పెట్టాం, ఈత బట్టలు వేసుకుని దిగాం. రెండు నిమిషాల్లో పై నుంచి 'హలో' అని వినిపించింది. తలెత్తి చూస్తే ఓ కుటుంబం, పిల్లలతో సహా, రెయిలింగ్ పట్టుకుని మమ్మల్ని, మా వెనకున్న కాల్డెరాని ఒకే ఫ్రేములో తీస్తోంది. కొండ అంచు కదా, ఒకరి వరండా పైనున్న వాళ్ళ కాళ్ళ కిందే ఉంటుంది. మా పైన ఊరి కాలిబాట ఉంది. మూడు రాత్రుల్లో మేం పూల్లో దిగింది ఆ పది నిమిషాలే. మా ఆవిడ ఆ తర్వాత దుపట్టా కప్పుకుని కాఫీ తాగింది. 'ప్రైవేట్ పూల్' అంటే ఆ పూల్ మీది మాత్రమే అని అర్థం, మిమ్మల్ని ఎవరూ చూడరని కాదు.

ఇంకో సంగతి, ఆ పూల్ మన పెళ్ళిళ్ళలో వంటకు వాడే గంగాళం కన్నా కాస్త పెద్దది, అంతే. మూడు మీటర్లుంటే గొప్ప. వేడి చేయకపోతే సెప్టెంబరులో కూడా సాయంత్రం గాలికి వణుకు పుడుతుంది. వేసవిలో ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి వీస్తుంది, జులై, ఆగస్టుల్లో దాని జోరు ఎక్కువ. 'పూల్ హీటెడ్' అని రాసి ఉన్నా ఎన్ని డిగ్రీలకు వేడి చేస్తారో అడగండి. కొన్నిచోట్ల దానికి విడిగా డబ్బులు తీసుకుంటారు. గుహ లోపలే ఉండే పూల్ అయితే గాలి బాధ లేదు, చూసేవాళ్ళ బాధా లేదు. నన్నడిగితే అదే మేలు.

గది లోపల మనవాళ్ళకి ఇబ్బంది పెట్టేవి మూడు. మొదటిది తేమ. లోపలి గోడ అంటే కొండే. వేసవిలో చల్లగా ఉంటుంది, హాయిగా ఉంటుంది, కానీ కొన్ని గదుల్లో పాత బియ్యపు గోనె లాంటి ముక్కిన వాసన. తేమ పీల్చే డీహ్యుమిడిఫయర్ ఉందా అని అడగండి. అదే కారణం మీద ఒక మనవి: గోంగూర పచ్చడి సీసా ఆ గదిలో మూత తీయకండి. గాలి పోయే దారి ఒకటే, అది మీ మంచం మీదుగానే పోతుంది. రెండోది బాత్‌రూమ్. 'ఓపెన్ ప్లాన్' పేరుతో కొన్ని గదుల్లో బాత్‌రూమ్‌కి తలుపే ఉండదు, ఒక అడ్డుగోడ, మహా అయితే గాజుపలక. భార్యాభర్తలకైతే ఏదోలా సర్దుకోవచ్చు, అదే గదిలో పాప ఉంటే కష్టం. మూడోది, గ్రీస్‌లో చాలాచోట్ల మురుగు గొట్టాలు సన్నం, టాయ్‌లెట్ కాగితం కమోడ్‌లో వేయనివ్వరు, పక్కన బుట్టలో వేయమంటారు. ఫైవ్ స్టార్‌లో కూడా ఆ బోర్డు చూసి మా బావగారు కంగారుపడ్డారు. మీరు ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో పడేసుకుంటే ఏ టెన్షనూ ఉండదు.

ఇప్పుడు అత్తయ్యగారు, మావయ్యగారు. ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. వాళ్ళ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

కొండ అంచు బుటీక్ హోటల్ అంటే పదో, ఇరవయ్యో గదులు, మెట్లు మెట్లుగా కిందికి దిగుతూ ఉంటాయి. లిఫ్టు ఉండదు, ఉండటానికి చోటూ లేదు. కారు ఊరి వెనక రోడ్డు దాకే వస్తుంది. అక్కడి నుంచి కుర్రాళ్ళు మీ పెట్టెలు భుజాన వేసుకుని దిగుతారు. ఇరవై మూడు కిలోల పెట్టెని వాళ్ళు మోస్తుంటే చూడటానికే సిగ్గేస్తుంది, చిన్న బ్యాగు తీసుకెళ్ళండి, టిప్పు మర్చిపోకండి. మెట్లు అన్నీ ఒకే ఎత్తులో ఉండవు, సున్నం వేసిన అంచులు నున్నగా ఉంటాయి, చాలాచోట్ల పట్టుకోవడానికి కమ్మీ ఉండదు. మా నాన్న అరవై ఎనిమిదేళ్ళప్పుడు అలిపిరి మెట్లన్నీ ఎక్కి తిరుమల వెళ్ళిన మనిషి. ఆ ధీమాతోనే ఆయన్ని కొండ అంచు హోటల్లో పెట్టాను. రోడ్డు నుంచి గదికి 94 మెట్లు. మొదటి రోజు నవ్వుతూ దిగారు. రెండో రోజు 'మీరు వెళ్ళిరండి, నేను ఇక్కడే కూర్చుంటా' అన్నారు. మూడో రోజు ఆ మాట కూడా అనలేదు. అలిపిరిలో ఒకసారి ఎక్కితే అయిపోతుంది. ఇక్కడ కాఫీకి ఎక్కాలి, మందుబిళ్ళల కోసం దిగాలి.

పాప విషయం ఇంకా సూటిగా ఉంటుంది. కొండ అంచు హోటళ్ళలో చాలావాటికి 'అడల్ట్స్ ఓన్లీ' నియమం ఉంటుంది, పన్నెండో పదమూడో ఏళ్ళు దాటితేనే రానిస్తారు. జంటల ఏకాంతం కోసం కొంత, ఆ పిట్టగోడల ఎత్తు చూస్తే మిగతాది అర్థమవుతుంది. మీరు చూసిన హోటల్ సైటులో చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూడండి. అక్కడికి వెళ్ళాక వెనక్కి పంపితే డబ్బు తిరిగి రాదు.

కాబట్టి నేనైతే ఇలా చేస్తాను. ఐదు రాత్రులకీ కమారిలో నేల మీద ఉన్న హోటల్, పెద్ద స్విమ్మింగ్ పూల్ ఉన్నది, ఫ్యామిలీ రూమ్ ఒకటి, పక్క గది ఒకటి. అక్కడ సముద్రం ఒడ్డున పొడుగాటి చదును బాట ఉంది. సాయంత్రం పెద్దవాళ్ళు నడవొచ్చు, పాప ఐస్‌క్రీమ్ తింటుంది. విమానాశ్రయం దగ్గర కాబట్టి విమానాల చప్పుడు కాస్త వినిపిస్తుంది, పాపకి అదీ సరదాయే. అక్కడ బీచిలో గులకరాళ్ళు, లోతు కూడా తొందరగా వస్తుంది, పాపని ఒంటరిగా వదలకండి. మధ్యలో రెండు రాత్రులు, పెళ్ళిరోజు వచ్చేలా చూసుకుని, మీ ఇద్దరూ ఇమెరోవిగ్లికి వెళ్ళండి. కారులో అరగంట లోపే. పాప అమ్మమ్మ, తాతయ్యలతో ఉంటుంది. పెళ్ళిరోజుకి అత్తమామల్ని వెంట తీసుకెళ్ళడం ఏమిటా అని మీ స్నేహితులు నవ్వి ఉంటారు. ఇలా చేస్తే వాళ్ళు రావడమే వరం. మర్నాడు మధ్యాహ్నం వాళ్ళని ఫీరాకి రప్పించి, అంచునే ఉండి మెట్లు తక్కువున్న హోటల్లో భోజనం పెట్టించండి. కాల్డెరా వాళ్ళూ చూసినట్టవుతుంది.

ఆ రెండు రోజుల ఖర్చుకి తగ్గ ఫలితం రావాలంటే ఒకటే ఉపాయం, గది వదలకూడదు. ఇది చెప్తే అందరూ నవ్వుతారు. మనవాళ్ళు 70 వేల గది తీసుకుని పొద్దున ఎనిమిదికి బోట్ టూర్, పన్నెండుకి అక్రోతిరి తవ్వకాలు, నాలుగుకి వైనరీ, ఆరుకి ఈయా అని తిరిగి, రాత్రి పదింటికి వచ్చి పడుకుంటారు. చీకట్లో కాల్డెరా కనబడదు. అంటే 70 వేలు నిద్రకి కట్టినట్టు. తిరగాల్సినవన్నీ కమారిలో ఉన్న మూడు రోజుల్లో తిరిగేయండి. కొండ అంచుకి వచ్చే రోజు మూడింటికల్లా చెక్-ఇన్ అయిపోండి. ఎండ తిరిగే కొద్దీ ఎదుటి థెరసియా దీవి రంగు మారుతుంది, కింద మధ్యలో నల్లగా కనిపించేది నియా కమెని, అదే అగ్నిపర్వతం, ఆఖరిసారి 1950లో లావా కక్కింది. ఏడున్నర ప్రాంతంలో సూర్యాస్తమయం. పొద్దున కాల్డెరా మీద ఎండ పడకముందు నీళ్ళు బూడిద రంగులో ఉంటాయి, పడవల మోత ఉండదు. నాకు సాయంత్రం కన్నా ఆ గంటే ఇష్టం, పైగా ఎవరూ దాన్ని ఫొటోల్లో పెట్టరు.

పగటి జనం గురించి రెండు మాటలు. క్రూయిజ్ ఓడలు వచ్చిన రోజు ఫీరా, ఈయా కిక్కిరిసిపోతాయి. రోజుకి 8,000 మంది క్రూయిజ్ ప్రయాణికులకే అనుమతి అని పరిమితి పెట్టారు. 2025 జులై నుంచి సీజన్లో మనిషికి 20 యూరోల రుసుము కూడా వేశారు. అయినా 8,000 అంటే ఆ సందులకి ఎక్కువే. ఏ రోజు ఎన్ని ఓడలు వస్తున్నాయో హోటల్‌వాళ్ళకి ముందే తెలుసు. అడిగి, తక్కువున్న రోజు ఫీరా పెట్టుకోండి. ఫీరా కింద పాత రేవుకి దాదాపు 590 మెట్లు, కేబుల్ కారు ఉంది. గాడిదల మీద ఎక్కించే వ్యాపారం కూడా ఉంది, దయచేసి ఎక్కకండి. ఎండలో ఆ జంతువుల అవస్థ చూశాక మీకూ ఎక్కబుద్ధి కాదు.

తిండి. మీరు శాకాహారులో కాదో రాయలేదు, పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి శాకాహారులే అనుకుని చెప్తున్నాను. ఆకలితో ఉండాల్సిన పని లేదు. శాంటోరిని 'ఫావా' అని ఒకటుంది, పసుప్పచ్చ పప్పుని మెత్తగా ఉడికించి ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసి ఇస్తారు. కళ్ళు మూసుకుంటే ముద్దపప్పే. మా అమ్మ ఆవకాయ కలుపుకుని తిని ఈ దేశం మంచిదే అంది. అక్కడి చిన్న టమాటాలతో వేసే 'తొమాతోకెఫ్తేదెస్' మన పకోడీల వరస. 'నిస్తీసిమో' అనే మాట గుర్తుపెట్టుకోండి, వాళ్ళ ఉపవాసపు వంట అని అర్థం, మాంసం, పాలు, గుడ్లు ఉండవు. కానీ రొయ్యలు, నత్తల్లాంటివి ఉపవాసంలో వాళ్ళకి చెల్లుతాయి, కాబట్టి అవి కూడా వద్దని విడిగా చెప్పాలి. బుటీక్ హోటళ్ళలో టిఫిన్ వరండాలోకే తెస్తారు, ముందురోజు రాత్రే కాగితం మీద టిక్కులు పెట్టి ఇవ్వాలి. పూల్లో తేలే పళ్ళెంలో టిఫిన్ ఫొటోలకి బాగుంటుంది, తినడానికి మహా ఇబ్బంది. కుళాయి నీళ్ళు తాగకండి, దీవిలో ఎక్కువగా సముద్రపు నీటినే శుద్ధి చేసి వాడతారు.

డబ్బు లెక్కలు. సైటులో కనిపించే రేటుకి పైన ప్రభుత్వ రుసుము ఒకటి హోటల్లో కట్టాలి. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ఫైవ్ స్టార్ అయితే గదికి రాత్రికి 15 యూరోలు, ఫోర్ స్టార్‌కి 10. కార్డు గీకేటప్పుడు 'రూపాయల్లోనా, యూరోల్లోనా' అని మిషన్ అడుగుతుంది. యూరోలే నొక్కండి, రూపాయలు నొక్కితే వాళ్ళ మారకపు రేటు నెత్తిన పడుతుంది. టాక్సీలు చాలా తక్కువ, విమానాశ్రయం నుంచి కారు హోటల్‌వాళ్ళతోనే ముందుగా మాట్లాడుకోండి. బండి అద్దెకు తీసుకోవాలంటే ఆర్టీఏలో ఇంటర్నేషనల్ పర్మిట్ చేయించుకోవాలి. నాలుగు చక్రాల ఏటీవీ బళ్ళ జోలికి మాత్రం పోకండి, ఆ మలుపుల్లో పడి చేతులు విరిగినవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు.

అన్నిటికన్నా పెద్ద డబ్బు ప్రమాదం వీసా. గ్రీస్ వెళ్ళడానికి కావాల్సిన షెంజెన్ వీసా రుసుము 90 యూరోలే, కానీ స్లాట్ ఎప్పుడు దొరుకుతుందో, వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. చౌకగా ఉందని 'నాన్ రిఫండబుల్' రేటు తీసుకున్నారు మా కజిన్ వాళ్ళు. వీసా ప్రయాణానికి నాలుగు రోజుల తర్వాత వచ్చింది. రెండున్నర లక్షలు పోయాయి. పదో పదిహేనో శాతం ఎక్కువైనా రద్దు చేసుకునే వీలున్న రేటే తీసుకోండి, ఏ తేదీ దాకా రద్దు చేయొచ్చో క్యాలెండర్‌లో రాసుకోండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేయొచ్చు, ఆఖరి నెల దాకా ఆగకండి.

ఇంకో కారణం కూడా ఉంది రద్దు వీలు కావాలనడానికి. 2025 ఫిబ్రవరిలో శాంటోరిని దగ్గర రోజుల తరబడి వేల చిన్న భూకంపాలు వచ్చాయి, పెద్దది 5.3. దీవి నుంచి 11 వేలమందికి పైగా బయటికి వెళ్ళిపోయారు. తర్వాత తగ్గింది, ఆ ఏడాది సీజన్ కూడా నడిచింది. అత్తయ్యగారు వార్తల్లో చూసి భయపడితే ఇదే చెప్పండి. తిరుగు ప్రయాణంలో ఆఖరి రాత్రి మాత్రం ఏథెన్స్‌లో ఉండేలా చూసుకోండి. ఏథెన్స్ నుంచి విమానం ముప్పావు గంటే, పిరేయస్ రేవు నుంచి పెద్ద ఓడ అయితే ఏడెనిమిది గంటలు. గాలి ఎక్కువైన రోజు ఫెర్రీలు ఆపేస్తారు. దీవి నుంచి నేరుగా హైదరాబాద్ ఫ్లైట్‌కి లింకు పెట్టుకుంటే ఒక్క ఆలస్యానికి అన్నీ పోతాయి.

ఇప్పుడు చేయాల్సింది ఒక మెయిలు. బుకింగ్ సైటులో కాదు, హోటల్‌కే నేరుగా రాయండి. మాకు ఇవ్వబోయే గది నంబరో పేరో చెప్పండి, ఆ వరండాని పై నుంచి తీసిన ఫొటో పంపండి, పైన కాలిబాట గానీ వేరే గది గానీ ఉందా, సెప్టెంబరులో ఆ వరండా నుంచి సూర్యుడు నీళ్ళలో దిగడం కనబడుతుందా, రోడ్డు నుంచి ఎన్ని మెట్లు, బాత్‌రూమ్‌కి తలుపుందా అని అడగండి. మంచి హోటల్ ఒక రోజులో అన్నిటికీ జవాబిస్తుంది, మెట్ల సంఖ్యతో సహా. 'మా గదులన్నీ అద్భుతంగా ఉంటాయి సార్' అని వస్తే అక్కడితో ఆపేయండి. నేరుగా బుక్ చేస్తే రేటు తగ్గిస్తారా అని కూడా అడగండి, చాలాసార్లు తగ్గిస్తారు, లేదా విమానాశ్రయం నుంచి కారు ఉచితంగా ఇస్తారు. పెళ్ళిరోజని రాయడం మర్చిపోకండి.

సర్‌ప్రైజ్ సంగతి. మీ ఆవిడ ఐదేళ్ళలోపు షెంజెన్ వీసా కోసం వేలిముద్రలు ఇచ్చి ఉంటే తప్ప, వీసా సెంటర్‌కి స్వయంగా రావాలి. ఫారం మీద సంతకం ఎలాగూ ఆవిడదే. ఫారంలో ఏ దేశం వెళ్తున్నారో రాసే ఉంటుంది. కాబట్టి గ్రీస్ అని చెప్పేయండి, కమారి హోటల్ కూడా చూపించండి, బీచికి వెళ్తున్నామనే అనుకుంటారు. ఇమెరోవిగ్లి రెండు రాత్రుల సంగతి మాత్రం మీ మావయ్యగారికి ఒక్కరికే చెప్పండి. అత్తయ్యగారికి చెప్తే ఆ సాయంత్రానికే మీ ఆవిడకి తెలిసిపోతుంది. హీల్స్ బదులు చదును చెప్పులు పెట్టుకోమని మాత్రం ఏదో ఒక వంక చెప్పి పెట్టించండి.